బేతాళ కథలను పెద్దవారమై చదివినపుడు

దయ్యముల కథ యనగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది బేతాళ కథ. శ్మశానము, చెట్టుకు వ్రేలాడు శవము, దానిని భుజమున వేసికొని మౌనముగా నడచు రాజు: పిల్లలు దుప్పటి ముసుగు పెట్టుటకు ఈ మూడును చాలును. 1947 జూలైలో మద్రాసున పుట్టిన 'చందమామ' ఈ కథలను తెలుగిండ్లకు చేర్చెను. శంకర్ గీసిన బొమ్మ వానికి రూపము కల్పించెను. ఆ పత్రికయే ఒడియాలో 'జహ్నమామూ' పేర వెలువడుటచే, జయపుర ప్రాంతపు పిల్లలు ఒకే కథను రెండు లిపులలో చదువుకొనుటకు వీలు కలిగినది.

పెద్దవారమై మూలమును తెరచినచో మనకు కొన్ని వింతలు కనబడును. పదునొకండవ శతాబ్దిలో కాశ్మీర కవి సోమదేవుడు రచించిన 'కథాసరిత్సాగరము'న ఈ రాజు ఉజ్జయినీ విక్రమార్కుడు కాడు. అతని పేరు త్రివిక్రమసేనుడు. నగరము గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము. అది శాతవాహనుల రాజధాని. సోమదేవుని గ్రంథమునకు మూలమైన గుణాఢ్యుని 'బృహత్కథ' పైశాచీభాషలో నుండెనని ప్రతీతి. దండి దానిని భూతభాషయనియే పేర్కొనెను. బేతాళ కథలు మొదటినుండి బృహత్కథలో నుండెనని మాత్రము నిశ్చయింపరాదు. బుధస్వామి కూర్పులో నేడు లభించు భాగమున అవి కానరావు.

బాల్యమున మనము శవమును చూచితిమి. ఇప్పుడు ప్రశ్నను చూతుము. మొదటి కథలో పద్మావతి యను కన్యపై నింద మోపబడును. రాజు ఆమెను వెడలగొట్టగా తల్లిదండ్రులు దుఃఖముతో మరణింతురు. ఈ పాప మెవ్వరిదని బేతాళుని ప్రశ్న. నింద పన్నిన మంత్రిపుత్రుడు స్వామికార్యము చేసినాడు, ప్రేమికులు మోహవశులు, విచారణ చేయక శిక్ష విధించిన రాజే దోషి యని త్రివిక్రమసేనుని తీర్పు. సింహాసనముపై నున్నవాడు అర్ధరాత్రమున శవము మోయుచు, తనవంటి మరియొక రాజును దోషిగా నిర్ణయింపవలసి వచ్చినది! ఇది దయ్యపు కథ కాదు, రాజనీతి పరీక్ష.

కడపటి ప్రశ్న మరియు చిత్రమైనది. తండ్రి కూతును, కొడుకు తల్లిని పొరపాటున పెండ్లాడిరి. వారి సంతానమునకు పరస్పరము ఏమి వరుస? వావివరుసలు తెలిసిన మన పెద్దలకును ఇది చిక్కుముడియే. రాజునకు సమాధానము తోచలేదు, మౌనముగా నడచెను. ఆ మౌనమునకే బేతాళుడు మెచ్చి, క్షాంతిశీలుడను కపట భిక్షువు తలపెట్టిన ద్రోహమును తెలిపి రాజు ప్రాణము కాపాడెను. మనము భయపడిన దయ్యము హితుడు. రోజు కొక పండు కానుక తెచ్చిన భిక్షువు హంతకుడు.

ఈ కథ జయపురమునకు ప్రత్యేకముగా వర్తించును. ఇచ్చట విక్రముడను పేరు పరాయిది కాదు. ఒడియా తెలుగులు రెండింటిని ఆదరించిన మహారాజు విక్రమదేవవర్మ (1869-1951) ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మహాదాతయైనాడు. 1936 ఏప్రిల్ 1న ఈ సీమ విశాఖపట్టణము జిల్లానుండి వేరై ఒరిస్సాలో చేరినది. 1992లో రాయగడ ప్రత్యేక జిల్లా యైనది. సరిహద్దులు మారినను, ఆవలి బంధువులతో మన వరుసలు మారలేదు. మారునది లిపి. ఇప్పటి మన పిల్లలలో తెలుగు మాటాడువారు కలరు, చదువువారు తక్కువ. 'చందమామ' అచ్చు 2013 నాటికి నిలిచిపోయినది.

బేతాళుని నియమము రెండంచుల కత్తి: మాటాడినచో శవము మరల చెట్టెక్కును, తెలిసియు మాటాడనిచో తల పగులును. రాజు మాటాడుటనే యెంచుకొని, ప్రతి పర్యాయమును తిరిగి నడచెను. కథ తెలిసిన పెద్దలకును అదియే మార్గము. రాత్రి భోజనానంతరము ఒక్క కథ చెప్పి, ప్రశ్నయొద్ద ఆగవలెను. జవాబు పిల్లలనే చెప్పనిండు. మరునాడు ఆ కథను అచ్చులో వెదకు కోరిక వారికి కలిగెనా, అక్షరములు నేర్పుట కంతకంటె మంచి యదను దొరకదు.