బొబ్బిలి వీణ, బహుమతి వీణ

విజయనగరం జిల్లా బొబ్బిలిలో వీణల తయారీకి ఒకప్పుడు అండగా నిలిచినవారు సంస్థానాధీశులు. పని మాత్రం పట్టణాన్ని ఆనుకున్న గొల్లపల్లిలోని సర్వసిద్ధి కుటుంబాలది. పనస మొద్దును ఎంచి కుండ, దండి విడదీయకుండా ఒకే కొయ్యలో తొలుస్తారు. అందుకే దీన్ని ఏకాండ వీణ అంటారు. 24 మెట్లను మైనంలో కుదర్చడమే అసలు కష్టం: మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. 2011లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

సన్మానాల్లో చేతికందించేది ఎక్కువగా చిన్న నమూనా వీణే. పనితనం ముచ్చటగానే ఉంటుంది గానీ దాని చోటు అద్దాల బీరువా. హవాయి ఉకులేలే చిన్నదైనా పాటకు పనికొస్తుంది. ఇది అలా కాదు. సంగీతం నేర్చుకునేవారికి ఇవ్వదలిస్తే పెద్ద వీణే కొనాలి.