వాషింగ్టన్ - ఒక ఇంటిపేరు చరిత్ర

కొండవీటివారు, నెల్లూరివారు, గుంటూరివారు అని మనలో ఇంటిపేర్లు గలవు. పూర్వికుల ఊరిపేరే సంతతికి ఇంటిపేరుగా నిలిచినది. ఇంగ్లాండులోను ఈ వాడుక ఉండెను. వాషింగ్టన్ అను పేరు దీనికి మంచి దృష్టాంతము.

ఇంగ్లాండు ఉత్తర భాగమున డర్హమ్ ప్రాంతములో వాషింగ్టన్ అను ఊరు ఉన్నది. 12వ శతాబ్దిలో విలియం డి హెర్ట్‌బర్న్ అను భూస్వామి తన హెర్ట్‌బర్న్ గ్రామమును డర్హమ్ బిషప్పుగారికి ఇచ్చి, బదులుగా ఈ ఊరిని పొందెను. ఊరు మారగానే ఆయన ఇంటిపేరును మారినది.

ఆ వంశములో లారెన్స్ వాషింగ్టన్ అను గురువు ఎసెక్స్‌లోని పర్లీ సంఘమునకు కాపరిగా ఉండెను. ఇంగ్లాండు అంతర్యుద్ధ కాలమున, 1643లో, ఆయనను ఆ పదవి నుండి తొలగించిరి. ఆయన కుమారుడు జాన్ 1650ల చివర అమెరికాలోని వర్జీనియా చేరెను. జాన్ మునిమనుమడే 1732లో జన్మించిన జార్జి వాషింగ్టన్, అమెరికా ప్రథమాధ్యక్షుడు. 1791లో క్రొత్త రాజధానికి ఆయన పేరు పెట్టిరి. 1889లో పడమటి తీరమున అదే పేరుతో ఒక రాష్ట్రము ఏర్పడెను. ఊరి నుండి మనిషికి వచ్చిన పేరు మనిషి నుండి తిరిగి ఊరికి చేరినది.

అయితే కథ ఇంతటితో ముగియలేదు. 1799లో జార్జి వాషింగ్టన్ మరణించునాటికి ఆయన ఎస్టేటులో 300 మందికి పైగా బానిసలు ఉండిరి. తన స్వంత బానిసలకు విముక్తి కలుగవలెనని ఆయన వీలునామా వ్రాసెను. తక్కినవారు బానిసత్వములోనే మిగిలిరి.

1856లో వర్జీనియాలో ఒక బానిస తల్లికి పుట్టిన బాలుడు, విడుదల తరువాత బడిలో చేరెను. హాజరు పిలుచునప్పుడు తక్కిన పిల్లలకు రెండేసి పేర్లుండగా అతనికి బుకర్ అను ఒక్క పేరే ఉండెను. వంతు రాగానే "బుకర్ వాషింగ్టన్" అని చెప్పెను. వాషింగ్టన్ అనునది అతని సవతి తండ్రి పేరు. ఈ బాలుడే 1881లో అలబామాలోని టస్కెగీ విద్యాలయమునకు ప్రథమాధిపతి అయ్యెను.

2010 అమెరికా జనాభా లెక్కలలో ఈ ఇంటిపేరు గలవారు సుమారు 1,77,000 మంది. వారిలో నూటికి 87 మందికి పైగా నల్లజాతివారే.

ప్రియులారా, భూమితో పాటు వచ్చిన పేరును భూమి లేనివారు నిలువబెట్టిరి. బడిలో ఒక బిడ్డ తన పేరు చెప్పునప్పుడు, ఆ ఇంటిపేరు ఎక్కడిదని విచారించుటకు ముందు, ఆ బిడ్డ దానిని ఎంత దూరము తీసికొనిపోగలడో తలంచుదము.