అడవి, జైలు, సముద్రం: బరంపురం నుంచి ఒక్కరోజు దారి



ఈసారి యాత్రకి పూరీ, కోణార్క కాకుండా తప్తపాని, బరంపురం జైలు, గోపాల్‌పూరు అని పెట్టేసరికి చాలామంది ఒకటే మాట అడిగారు. "తప్తపాని సరే, గోపాల్‌పూరు సరే, మధ్యలో జైలెందుకండీ? పిల్లల్ని తీసుకొస్తున్నాం కదా!" అడగవలసిన మాటే. దానికి జవాబు బస్సులో మైకు పట్టుకుని పది నిమిషాల్లో చెప్పేది కాదు. వెనక సీట్లలో అంత్యాక్షరి మొదలైతే అసలే కుదరదు. అందుకని ఇక్కడ కాస్త పొడుగ్గానే రాస్తున్నాం. తీరిక చూసుకుని చదవండి, ఇంట్లో కళ్లు కనపడని పెద్దవాళ్లుంటే చదివి వినిపించండి.

దారి ఇది. పొద్దున్నే బరంపురంలో బయల్దేరి దిగపహండి మీదుగా తప్తపాని, సుమారు 50 కిలోమీటర్లు. మధ్యాహ్నానికి వెనక్కి వచ్చి భోజనాలు, ఆ తర్వాత జైలు. చల్లబడ్డాక గోపాల్‌పూరు, అది ఊరికి 16 కిలోమీటర్లే. అప్పడాలు, పచ్చళ్ల దుకాణాల దగ్గర అరగంట ఆగమని ఆడవాళ్లు ముందే చెప్పి ఉంచారు. కాదనే ధైర్యం కమిటీలో ఎవరికీ లేదు.

చూడబోతే మూడూ మూడు రకాల చోట్లు. కానీ 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ మూడింటినీ ఏలింది ఒక్క మద్రాసు ప్రభుత్వమే. కొండ మీద కలప లెక్క రాసినవాడు, కచేరీలో కాగితం నకలు తీసినవాడు, రేవులో మూట మోసినవాడు, చాలాచోట్ల మన భాష వాడే. కొండవాళ్ల కథ ఒకటి, ఒడియావాళ్ల కథ ఒకటి, మన కథ ఒకటి అని విడివిడిగా చెప్పుకుంటే ఈ మూడు చోట్లలో ఏదీ అర్థం కాదు. మన ఊళ్లో మనం చెప్పుకునే చరిత్రంతా దేవాంగుల పట్టు, ఠాకురాణి యాత్ర, ఇక్కడ పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు, ఇంతవరకే. అవన్నీ మన గొప్పలే, ఎవరూ కాదనరు. గొప్పలు కానివి కూడా మనవే కదా.

తప్తపానిలో వేడినీళ్ల గుండం ఉంది, గంధకం వాసన దూరం నుంచే తెలుస్తుంది. పక్కనే కంధి అమ్మవారి గుడి. ఆ పేరులోనే ఉంది ఆ అడవి ఎవరిదో. కొందులు, సవరలు ఆ కొండల వాళ్లు. పోడు కొట్టి చోళ్లు, సామలు, కందులు పండించుకునేవాళ్లు. ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకులు సంతకి తెచ్చి ఉప్పు, బట్ట పట్టుకెళ్లేవాళ్లు. ఆ సంతల్లో కాటా పట్టుకున్నవాళ్లలో మన కోమటి శెట్లు ఉన్నారు, ఒడియా సొండీలూ ఉన్నారు. అప్పు కింద భూమి పోయేది. భూమి లేనివాడు తానే పాలేరుగా కుదిరి అప్పు తీర్చేవాడు, దాన్ని గోతి అనేవారు. ఒకసారి అందులో దిగినవాడు పైకి రావడం అరుదు. ఇది ఎంత ముదిరిందంటే, 1917లో మద్రాసు ప్రభుత్వమే గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలలో కొండవాళ్ల భూమి మైదానం వాళ్లకి మారకుండా చట్టం తేవలసి వచ్చింది. చట్టం ఎవరి నుంచి కాపాడటానికి వచ్చిందో వేరే చెప్పాలా?

దానికి ముందే 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. అప్పటిదాకా తాతల నాటి అడవి, ఆ తర్వాత రిజర్వు. గొడ్డలి తీసుకెళ్తే నేరం, పోడు కొడితే నేరం. గంజాం గుగ్గిలం చెట్టంటే మద్రాసులో ఎంతో గిరాకీ. అలాంటి కలప దాటిపోకుండా కాయడానికి ఒక కొత్త ఉద్యోగి పుట్టాడు, ఫారెస్టు గార్డు. సర్కారులో ఆఖరి మెట్టు. జీతం తక్కువ, కాయవలసిన అడవి ఎక్కువ. కానీ కొండవాడికి సర్కారంటే ఆ ఖాకీ చొక్కాయే. కలెక్టరు కనపడడు, గార్డు రోజూ కనపడతాడు.

అందరూ అలాగే ఉన్నారనీ అనలేం. పర్లాకిమిడిలో రాజావారి బడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవరల భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకి బడులు పెట్టించారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. వాడుక భాష గిడుగుగా తెలుగుదేశమంతా ఆయన్ని తలుచుకుంటుంది. మన గంజాం వాళ్లం మాత్రం ఆయన్ని సవర గిడుగుగా ముందు తలుచుకోవాలని మా పట్టుదల. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన ఏడే ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అదీ చరిత్రే, ఆ నొప్పి మన ఇళ్లలో ఇంకా ఉంది. అయితే దాని గురించి ఇప్పటికే ఎన్నోసార్లు రాసుకున్నాం గనక ఇక్కడ వదిలేస్తున్నాం.

ఇక జైలు.

లక్ష్మణ్ నాయక్ 1899 నవంబరు 22న కొరాపుట్ ప్రాంతంలో తెంతులిగుమ్మ అనే ఊళ్లో పుట్టాడు. భూమియా తెగవాడు. తండ్రి పద్లం నాయక్ జయపురం జమీందారీలో ముస్తాదారు, అంటే కొన్ని ఊళ్ల మీద పెత్తనం ఉన్న మనిషి. కొడుకు కూడా ఆ దారిలోనే సుఖంగా బతికేయవచ్చు. అలా చెయ్యలేదు. కాంగ్రెసులో చేరాడు, ఖద్దరు కట్టాడు, చరఖా భుజాన వేసుకుని ఊరూరా తిరిగి తాగుడు మానమన్నాడు, వెట్టి చెయ్యొద్దన్నాడు. కొండల్లో అతన్ని మల్కనగిరి గాంధీ అనేవారు. ఆ మల్కనగిరి మనకి కొత్తదేం కాదు. 1879-80 రంప పితూరీ గోదావరి కొండల్లో పుట్టి అక్కడిదాకా పాకింది.

1942 ఆగస్టు 21న లక్ష్మణ్ నాయక్ వెంట జనం ఊరేగింపుగా మత్తిలి పోలీసుస్టేషనుకి వెళ్లారు, జెండా ఎగరెయ్యడానికి. పోలీసులు లాఠీలు ఝళిపించారు, కాల్పులు జరిపారు. జనంలో పలువురు చచ్చిపోయారు, నాయక్‌కి దెబ్బలు తగిలాయి. ఆ గొడవలో ఒక ఫారెస్టు గార్డు కూడా చనిపోయాడు. అతన్ని లక్ష్మణ్ నాయకే కొట్టి చంపాడని కేసు పెట్టారు. అది కట్టుకథ అని ఒడిశా ఉద్యమం వాళ్లు అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. 1942 నవంబరు 13న కొరాపుట్‌లో సెషన్సు కోర్టు ఉరిశిక్ష వేసింది. మత్తిలి సంఘటన జరిగి మూడు నెలలు నిండలేదు. ఒడిశాకి అప్పటికి సొంత హైకోర్టు కూడా లేదు, పట్నా హైకోర్టు కిందే ఉండేది. కటక్‌లో హైకోర్టు వచ్చింది 1948లో. 1943 మార్చి 29న బరంపురం జైల్లో అతన్ని ఉరితీశారు. నలభై నాలుగో ఏడు నడుస్తోంది.

తన కొండలకి ఎంత దూరమో చూడండి. ఇప్పుడు బస్సెక్కితేనే ఒక రాత్రి పట్టే దూరం. ఇక్కడ అతని భాష మాట్లాడేవాడు ఎవడుంటాడు? ఆ జైలు గోడకి ఇవతల మన తాతలు ఆ ఉదయం ఎప్పటిలాగే మగ్గాల దగ్గర కూర్చున్నారు, దుకాణాలు తీశారు. తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. అంత దగ్గరలో జరిగిందని చెప్పడానికి అంటున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. చనిపోయిన ఆ గార్డు పేరు జి. రామయ్య. ఆ పేరు చూడగానే మనలో ఎవరికైనా తెలిసిపోతుంది, అది ఎవరి ఇంటి పేరులా ఉందో. కమిటీలో దీని మీద రెండు సాయంత్రాలు మాటలు నడిచాయి. ఒక పెద్దాయన "ఆ పేరు ఎత్తకండి బాబూ, ఒడియా మిత్రులు కూడా వస్తున్నారు, మనవాడని మనమే చెప్పుకుంటే ఏం బాగుంటుంది?" అన్నారు. ఒక తమ్ముడు దానికి పూర్తిగా ఎదురు. "మనవాడు చచ్చిపోయాడు, అతనికి ఒక దండైనా లేదు, ముందు అది చెప్పండి" అన్నాడు. ఇద్దరి మాటా పూర్తిగా ఒప్పుకోలేకపోయాం.

మా ఉద్దేశం ఇదీ. రామయ్య పేరు చెప్పాలి. పొట్టకూటికి ఖాకీ వేసుకున్న చిన్న ఉద్యోగి, ఇంటికి తిరిగి వెళ్లలేదు. అతని చావుని అడ్డం పెట్టుకుని సర్కారు ఒక నాయకుణ్ణి ఉరితీసింది. అంటే బతికుండగా అడవి కాయడానికి వాడుకుంది, చచ్చాక ఉరికి వాడుకుంది. అలాగని ఇద్దరినీ ఒకే తక్కెడలో పెట్టి సమానం అనడానికి మేము సిద్ధంగా లేము. లక్ష్మణ్ నాయక్ తన జనం కోసం ఆ స్టేషను ముందుకి వెళ్లాడు. గార్డు ఉద్యోగం ఆ జనాన్ని అడవి నుంచి ఆపడం. మనం ఏ పక్క ఉద్యోగాల్లో ఎక్కువమంది ఉన్నామో పిల్లలకి తెలియాలి, ఎందుకు ఉన్నామో కూడా తెలియాలి. చదువు, రాత మనకి ముందు అందాయి, కొండకి అందలేదు. కారణం చాలావరకు అదే.

ఆ జైలు ఇప్పటికీ నడుస్తున్న సర్కిల్ జైలు, మ్యూజియం కాదు. కాబట్టి లోపలికి ఎంతవరకు రానిస్తారన్నది అనుమతి మీద ఉంటుంది. అందరూ గుర్తింపు కార్డు తెచ్చుకోండి, ఫోన్లు బస్సులోనే పెట్టండి. లోపల ఉన్నవాళ్లు కూడా మనుషులే, వాళ్లని వింతగా చూడవద్దని పిల్లలకి ముందే చెప్పండి. ఏటా మార్చి 29న అక్కడ లక్ష్మణ్ నాయక్‌కి నివాళులు అర్పిస్తారు, కొండల నుంచి కూడా మనుషులు వస్తారు. కొరాపుట్‌లో 2017లో మొదలైన మెడికల్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. మన పిల్లలు అందులో సీటు కోసం పరీక్షలు రాస్తున్నారు, ఆ పేరు ఎవరిదని అడిగితే చెప్పగలగాలి కదా.

అక్కడి నుంచి గోపాల్‌పూరు. సాయంత్రం గాలి, పకోడీలు, దీపస్తంభం, అన్నీ ఉంటాయి. ఇసుకలో పాత గిడ్డంగుల మొండిగోడలు చూసినప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. మన ఇళ్లలో ముసలివాళ్లు "రంగం" అంటారే, ఆ రంగూనుకి ఇక్కడి నుంచే ఓడ ఎక్కేవారు. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు గోపాల్‌పూరు, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడల్లో ఆగి కూలీలను ఎక్కించుకుని బర్మా వెళ్లేవి. ఇక్కడ రేవుగోడ లేదు, ఓడ దూరంగా సముద్రంలో నిలబడేది. మేకులు లేకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవల మీద కెరటాలు దాటించి మనుషుల్ని ఓడ దగ్గరికి చేర్చేవాళ్లు మన జాలర్లే. ఒడియావాళ్లు వాళ్లని నోలియాలంటారు. వాళ్ల ఇళ్లలో ఇవాళ్టికీ తెలుగే.

మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టేవాడు, తర్వాత కూలిలో విరుచుకునేవాడు. కొండ మీద గోతి అన్నాం చూడండి, సముద్రం అవతల మనవాడికి అదే పద్ధతి వేరే పేరుతో ఎదురైంది. బియ్యం మిల్లుల్లో, రేవులో, రిక్షా కింద మనవాళ్లే. అక్కడ వాళ్లని కొరంగీలు అనేవారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీద వచ్చిన పిలుపు అది. ఈ మాట యానాంలో ఉన్న మన సభ్యులకి బాగా తెలుసు. 1931 లెక్కల నాటికి రంగూనులో సగానికి పైగా జనం మన దేశం వాళ్లే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు వాళ్ల బదులు బర్మావాళ్లని పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే వాళ్లని పొమ్మన్నాయి. ఆ కోపం కంపెనీల మీద కాదు, మన కూలీల మీద పడింది. వందమందికి పైగా చచ్చిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు.

1941 డిసెంబరు 23న జపాను వాళ్లు రంగూను మీద బాంబులు వేశాక లక్షల మంది వెనక్కి బయల్దేరారు. ఓడ దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు అరకాను కొండల్లోంచి, అస్సాం అడవుల్లోంచి కాలినడకన. దారిలో ఎందరు రాలిపోయారో. 1942 అంటే మన ఇళ్లలో రంగం నుంచి తిరిగొచ్చిన ఏడు. అదే ఏడు ఆగస్టులో మత్తిలి. బతికి వచ్చిన మనవాడు ఊళ్లో కుదుటపడుతున్న రోజుల్లోనే లక్ష్మణ్ నాయక్‌ని ఈ జైలుకి తెచ్చారు.

గోపాల్‌పూరులో చీకటి పడేలోగా ఒక గంట కూర్చుని మాట్లాడుకుందామని అనుకుంటున్నాం. మీ ఇంట్లో రంగం నాటి కాగితాలు, మనియార్డరు రసీదులు, ట్రంకుపెట్టెలు, ఫోటోలు ఏమున్నా తీసుకురండి. ఫోటో తీసుకుని మీవి మీకే ఇచ్చేస్తాం. కొండ ఊళ్లలో ఉద్యోగాలు చేసిన తాతల సంగతులు తెలిసినవాళ్లు కూడా చెప్పాలి, ఫారెస్టులో అయినా, పోలీసులో అయినా, కచేరీలో అయినా సరే. సిగ్గుపడే కథలైతే మరీ చెప్పండి, వినడానికి మేమంతా ఉంటాం.

బస్సు ఉదయం 6 గంటలకి బయల్దేరుతుంది. తప్తపానిలో స్నానం చేసేవాళ్లు ఒక జత బట్టలు అదనంగా పెట్టుకోండి.