రాయ్‌పూర్ సభలో పాట పేచీ

1907 మార్చిలో రాయ్‌పూర్‌లో మధ్యపరగణాల రాజకీయ మహాసభ జరిగింది. వందేమాతరం పాడి సభ మొదలుపెట్టాలని దాదాసాహెబ్ ఖాపర్డే పట్టుబట్టారు. ఆహ్వాన సంఘాధ్యక్షుడు హరిసింగ్ గౌర్ పక్షం ఒప్పుకోలేదు. సభ అతివాదులు, మితవాదులుగా చీలింది. ఖాపర్డే, గౌర్ ఇద్దరూ కాంగ్రెస్ వాళ్లే, ఇద్దరూ వకీళ్లే. మరి ఒక్క పాట దగ్గర ఎందుకు తెగింది?

మతం అడ్డొచ్చిందని ఈనాటి పాఠకుడికి చప్పున తడుతుంది. అది 1937 నాటి గొడవ. మొదటి రెండు చరణాలు చాలని కాంగ్రెస్ తీర్మానించింది అప్పుడే. రాయ్‌పూర్‌లో తగవుపడిన వాళ్లిద్దరూ హిందువులు. పైగా ఖాపర్డే తర్వాత షిర్డీ సాయిబాబా భక్తుడయ్యారు. మన సాయిభక్తులు చదివే ఖాపర్డే డైరీ ఈయనదే.

పాట కొత్తదా అంటే అదీ కాదు. 1896 కలకత్తా కాంగ్రెస్‌లో రవీంద్రుడే పాడారు. అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు వచ్చింది?

అసలు ఆధారం తూర్పు బెంగాల్‌లో ఉంది. 1905లో బెంగాల్ విభజన జరిగాక ఆ పాట వీధి నినాదమైంది. 1906 ఏప్రిల్‌లో బారిసాల్ మహాసభకు వెళ్తూ వందేమాతరం అన్నవాళ్లను పోలీసులు లాఠీలతో కొట్టారు. ఆనాటి నుంచి ఆ రెండు మాటలు పలికితే సర్కారును ధిక్కరించినట్టే. రాయ్‌పూర్ సభ ముగిసిన కొద్ది వారాలకే అతివాద నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. ఆ ఊపులో వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావును అక్కడి ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. బ్యాడ్జీకే అంత శిక్ష పడే రోజుల్లో, సర్కారుకు మహజర్లు పెట్టుకునే సభ ఆ పాటతో మొదలైతే ఏమిటి అర్థం? విన్నపాల బాట వదిలేశామని. గౌర్ పక్షానికి మింగుడుపడనిది అదే.

ఇంకొక ఆధారం భూగోళంలో ఉంది. 1903లో బేరారును మధ్యపరగణాలలో కలిపారు. దాంతో బేరారులోని అమరావతికి చెందిన, తిలక్‌కు కుడిభుజమైన ఖాపర్డేకు ఈ సభలో గొంతు దొరికింది. 1907 డిసెంబరులో అఖిల భారత కాంగ్రెస్ జరగాల్సింది ఇదే రాష్ట్రంలోని నాగపూర్‌లో. అక్కడ అతివాదుల బలం చూసి జంకిన మితవాదులు సభను సూరత్‌కు మార్చారు. సూరత్‌లో చెప్పులూ కుర్చీలూ ఎగిరాయి, కాంగ్రెస్సే రెండయింది.

కాబట్టి రాయ్‌పూర్ తగవు పాట మీద కాదు, కాంగ్రెస్ పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీద. ఎవరి పాటతో మొదలైతే సభ వారిదవుతుందని రెండు పక్షాలకూ తెలుసు. గౌర్‌ను దేశద్రోహి అనడం మాత్రం అన్యాయం. ఆయన తర్వాత సాగర్ విశ్వవిద్యాలయం స్థాపించారు, రాజ్యాంగసభలో సభ్యులయ్యారు. 1949 డిసెంబరు 25న కన్నుమూశారు. దాదాపు నెల తర్వాత, 1950 జనవరి 24న, అదే రాజ్యాంగసభలో వందేమాతరానికి జనగణమనతో సమాన గౌరవం ఉంటుందని రాజేంద్రప్రసాద్ ప్రకటించారు.