పస్కా నుంచి ఈస్టరు వరకు

తెలుగు బైబిలులో మీరు చదివే 'పస్కా' హీబ్రూ 'పెసహ్'కు గ్రీకు మీదుగా వచ్చిన రూపం. యూదులు నీసాను నెల 14న గొర్రెపిల్లను వధించి, ఆ రాత్రి పులియని రొట్టెతో భుజించి, ఐగుప్తు దాస్యవిముక్తిని స్మరించేవారు. క్రీస్తే మన పస్కా అని పౌలు కొరింథీయులకు రాశాడు. పండుగ అర్థం అలా మారింది. తేదీ మాత్రం వెంటనే మారలేదు.

2వ శతాబ్దంలో ఆసియా మైనరు క్రైస్తవులు ఏ వారమైనా సరే 14వ తేదీనే పాటించారు. రోము సంఘం ఆదివారాన్ని పట్టుకుంది. స్ముర్న బిషప్పు పోలికార్పు రోముకు వెళ్లి చర్చించినా అంగీకారం కుదరలేదు. అయినా సఖ్యత చెడలేదు. క్రీ.శ. 190 ప్రాంతంలో రోము బిషప్పు విక్టర్ ఆసియా సంఘాలను వెలివేయబూనగా, లియోన్ బిషప్పు ఇరేనియస్ ఈ పాత సంగతినే గుర్తుచేశాడు.

ఇక్కడ సార్దీస్ బిషప్పు మెలిటో ప్రసంగాన్ని జాగ్రత్తగా గమనించండి. ఆయన 'పస్కా'ను 'బాధపడుట' అనే అర్థమిచ్చే గ్రీకు క్రియతో ముడిపెట్టాడు. వ్యుత్పత్తి రీత్యా ఇది పొరపాటే. కాని దానివల్లనే గొర్రెపిల్ల వధ సిలువ బాధకు ఛాయ అనే వ్యాఖ్యానానికి బలం వచ్చింది. అదే ప్రసంగం క్రీస్తు మరణానికి ఇశ్రాయేలును తీవ్రంగా నిందిస్తుంది. యూదుల తేదీని పాటిస్తూనే యూదులను నిందించిన ఈ వైరుధ్యాన్ని మీరు దాటవేయవద్దు.

క్రీ.శ. 325లో నైసియా సభ అందరూ ఒకే ఆదివారం పాటించాలని నిర్ణయించింది. యూదుల గణనను అనుసరించరాదని చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కటువుగా లేఖ రాశాడు. అయినా మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే పున్నమి దాటిన ఆదివారమే నేటికీ ఈస్టరు. నీసాను 14 కూడా పున్నమి వేళదే.