టెస్టోస్టెరాన్ చికిత్స: ల్యాబ్ రిపోర్టులోని అంకెలు చెప్పేదేమిటి?

న్యూఢిల్లీ: తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్ నుంచి మెట్రో బ్లూ లైన్‌లో కొద్ది స్టేషన్లు దాటితే నోయిడా కార్యాలయాలు వస్తాయి. అక్కడ రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన ఉద్యోగి ఒకరు సరిగా నిద్రపోకుండా, కడుపునిండా తిని మధ్యాహ్నం ల్యాబ్‌లో రక్తమిచ్చారనుకుందాం. రిపోర్టులో టెస్టోస్టెరాన్ 'తక్కువ' అని రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ ఒక్క కాగితాన్ని చూసి ఇంజెక్షన్ మొదలుపెడితే మాత్రం అది తొందరపాటే.

ఈ హార్మోను స్థాయి నిద్ర లేచిన తొలి గంటల్లో ఎక్కువగా ఉండి, ఆ తరువాత తగ్గుతూ వస్తుంది. ఆహారం, ముఖ్యంగా గ్లూకోజు, దానిని మరింత దించుతుంది. జ్వరం వంటి అనారోగ్యాలు, నిద్రలేమి, కొన్ని నొప్పి మందులు కూడా తగ్గిస్తాయి. అందుకే పరగడుపున, రెండు వేర్వేరు ఉదయాల్లో పరీక్ష చేయించాలని, లక్షణాలు కూడా ఉంటేనే లోపంగా నిర్ధారించాలని అమెరికాకు చెందిన ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రాత్రి షిఫ్టుల వారికి గడియారంలోని ఉదయం కన్నా, సరిపడా నిద్రపోయి లేచిన సమయమే లెక్క.

అంకెల విషయానికి వస్తే, 19 నుంచి 39 ఏళ్ల వయసున్న, ఊబకాయం లేని ఆరోగ్యవంతులైన అమెరికా, ఐరోపా పురుషుల్లో సాధారణ పరిధిని డెసీలీటరుకు 264 నుంచి 916 నానోగ్రాములుగా లెక్కగట్టారు. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ 300 కంటే తక్కువను లోపానికి సూచికగా తీసుకుంటోంది. రిపోర్టు నానోమోల్స్‌లో ఉంటే 28.84తో గుణించి పోల్చుకోవచ్చు. పరీక్షా విధానాన్ని బట్టి ఫలితం మారుతుంది కనుక ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు వెళ్లడం మేలు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి; కొన్ని రకాల యంత్రాల్లో అవి ఫలితాన్ని తప్పుగా పెంచి చూపుతాయి.

ఊబకాయం, టైప్-2 మధుమేహం ఉన్నవారిలో టెస్టోస్టెరాన్‌ను మోసుకెళ్లే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తగ్గుతుంది. అప్పుడు మొత్తం అంకె తక్కువగా కనిపించినా, శరీరానికి అందుబాటులో ఉండే స్వేచ్ఛా టెస్టోస్టెరాన్ సాధారణంగానే ఉండవచ్చు. అసలు లోపం ఉంటే అది వృషణాలదా, పిట్యూటరీ గ్రంథిదా అనేది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షలు తేలుస్తాయి.

చికిత్స మొదలైన తరువాత రిపోర్టును చదివే పద్ధతే మారిపోతుంది. ఎనాంథేట్, సైపియోనేట్ ఇంజెక్షన్లు తీసుకునేవారు రెండు మోతాదుల నడుమ రోజున రక్తమివ్వాలి. ఆనాటి స్థాయి 350కి తగ్గినా, 600 దాటినా మోతాదునో వ్యవధినో సవరిస్తారు. రెండు వారాల ఇంజెక్షన్ తీసుకున్న మూడో రోజున 900 కనిపిస్తే మందు ఎక్కువైందని కాదు. పద్నాలుగో రోజున 280 వస్తే చాలడం లేదనీ కాదు. అవి ఒకే అలకు శిఖరం, లోయ. చివరి రోజుల్లో నీరసం, చిరాకు వేధిస్తుంటే మోతాదు పెంచడం కన్నా, రెండు వారాలకు 200 మిల్లీగ్రాములను వారానికి 100గా విభజించడం తరచుగా సరిపోతుంది. పది నుంచి పద్నాలుగు వారాలకోసారి ఇచ్చే అన్‌డెకనోయేట్ ఇంజెక్షన్‌కైతే తదుపరి మోతాదుకు ముందే పరీక్షించాలి. జెల్ వాడేవారికి, కనీసం వారం వాడాక, పూసుకున్న 2 నుంచి 8 గంటల మధ్య. రక్తమిచ్చిన రోజు, చివరి మోతాదు తేదీ రిపోర్టుపై రాసుకోకపోతే వైద్యుడికి కూడా ఆ అంకె అర్థం కాదు.

నిజానికి మోతాదును నిర్ణయించడంలో టెస్టోస్టెరాన్ కంటే హెమటోక్రిట్‌కే ప్రాధాన్యమివ్వాల్సిన సందర్భాలున్నాయి. రక్తంలో ఎర్ర కణాల వాటాను తెలిపే ఈ అంకెను చికిత్సకు ముందు, 3 నుంచి 6 నెలలకు, తరువాత ఏటా చూడాలి. అది 54 శాతం దాటితే రక్తం చిక్కబడుతోందని అర్థం. స్థాయి దిగేవరకు మందు ఆపి, తక్కువ మోతాదుతో తిరిగి ప్రారంభిస్తారు. గురకతో కూడిన నిద్రలో శ్వాస ఆగే సమస్య, ధూమపానం కూడా దీనిని పెంచుతాయి కనుక వాటినీ పరిశీలించాలి. రక్తదానంతో అంకెను దించుకొని పాత మోతాదునే కొనసాగించడం సమస్యను కప్పిపుచ్చుకోవడమే. ఎస్ట్రాడియాల్ గురించి జిమ్ముల్లో జరిగే చర్చ ఎక్కువ. రొమ్ముల్లో నొప్పి, వాపు లేనివారికి ఆ పరీక్ష సాధారణంగా అవసరం లేదు.

నలభై దాటినవారిలో ప్రోస్టేట్‌కు సంబంధించిన పీఎస్‌ఏ మొదటి ఏడాదిలో మిల్లీలీటరుకు 1.4 నానోగ్రాములకు మించి పెరిగినా, మళ్లీ పరీక్షించినప్పుడూ 4 పైనే ఉన్నా యూరాలజిస్టును కలవాలి. గుండె విషయంలో 2023లో వెలువడిన ట్రావర్స్ అధ్యయనం కొంత ఊరటనిచ్చింది. గుండెజబ్బు ముప్పున్న 5 వేల మందికి పైగా పురుషుల్లో గుండెపోటు, పక్షవాతం వంటివి నకిలీ మందు తీసుకున్నవారి కంటే ఎక్కువగా కనిపించలేదు. అయితే గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం వంటివి చికిత్స పొందినవారిలో కొంత అధికంగా నమోదయ్యాయి.

రిపోర్టులో కనిపించని నష్టం మరొకటి ఉంది. బయటి నుంచి టెస్టోస్టెరాన్ అందగానే పిట్యూటరీ సంకేతాలు ఆగి, వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది. మందు మానిన తరువాత కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. సమీప భవిష్యత్తులో సంతానం కోరుకునేవారికి ఈ చికిత్స సిఫారసు చేయరు; అవసరమైతే హెచ్‌సీజీ వంటి ఇతర మందులను ఎండోక్రినాలజిస్టు పరిశీలిస్తారు. పెళ్లి నిశ్చయమైన యువకుడు ఈ మాటను మొదటి ఇంజెక్షన్‌కు ముందే వైద్యునికి చెప్పాలి.