ఒక మాతృక, అనేక ప్రతులు

కోనసీమలోని కొత్తపేట ప్రాంతపు వరిచేలకు మధ్య డెల్టా కాలువలే ఆధారము. ఆ కాలువలకు నీటిని మళ్ళించునది గోదావరి ఆనకట్ట. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847-1852 నడుమ కట్టబడిన పాత ఆనకట్టకు బదులుగా నిర్మించిన బ్యారేజి 1982లో పూర్తియైనది. దానికి ధవళేశ్వరము పాయలో 70, ర్యాలి పాయలో 43, మద్దూరు పాయలో 23, విజ్జేశ్వరము పాయలో 39, మొత్తము 175 గేట్లు కలవు.

గన్నవరము వద్ద వైనతేయ పాయపై 1850 దశకమున కట్టిన అక్విడక్టునకు 49 కమానులు. కమాను కదలదు. కావున ఒక కమాను పటము గీచిన, తక్కిన 48 కమానులకును అదియే చాలును. గేటు సంగతి అట్లు కాదు. వేసవిలో గేట్లన్నియు మూసి నీటిని కాలువలకు మళ్ళింతురు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. అట్టి సమయమున గేట్లను పూర్తిగా ఎత్తవలెను. సామాన్య దినములలో కొన్ని మాత్రమే తెరచియుండును. అనగా, గేట్ల ఆకారము ఒక్కటే; స్థితులు వేరు.

ఇట్టి యంత్రములను కంప్యూటరుపై చిత్రించుట ఎట్లు? మొదటి మెట్టు 1963లో పడినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండ్ 'స్కెచ్‌ప్యాడ్' అను ప్రోగ్రామును రచించెను. అందు ఒక మాతృకను గీచి, దాని ప్రతులను ఎన్నింటినైనను ఉంచవచ్చును. మాతృకను దిద్దిన ప్రతులన్నియు తామే మారును. ప్రతి ప్రతికిని స్థానము, పరిమాణము, తిరుగుడు మాత్రమే సొంతము. లోపలి ఆకారము మాతృకదే.

ఈ సుగుణమే తరువాత చిక్కు తెచ్చినది. 1980ల చివర ప్రో/ఇంజనీర్, 1995లో సాలిడ్‌వర్క్స్ వంటి ప్రోగ్రాములు వచ్చినవి. వీనిలో భాగములను జతపరచి కూర్పులను, చిన్న కూర్పులతో పెద్ద కూర్పులను తయారుచేయుదురు. గేటు, దానిని ఎత్తు యంత్రము కలిసి ఒక చిన్న కూర్పు అనుకొందము. దానిని 175 మారులు ఉంచినచో, సాధారణముగా ప్రతి ప్రతియు బిగిసిన ముద్దవలె ప్రవర్తించును. మాతృకలో గేటును ఎత్తిన 175 గేట్లును ఒక్కసారి లేచును!

దీనికి మూడు ఉపాయములు కలవు. మొదటిది, ప్రతి గేటునకును వేరు ఫైలు చేయుట. అప్పుడు మాతృకతో బంధము తెగును. ఒక్క బోల్టు మార్చవలెనన్న 175 ఫైళ్ళు దిద్దవలెను. ఒక్కటి మరచిన పటమునకు, గేటునకు పొందిక చెడును. రెండవది, 'కాన్ఫిగరేషన్లు': మూసిన, సగము తెరచిన, పూర్తిగా తెరచిన స్థితులను ఒకే ఫైలులో నమోదుచేసి, ఏ ప్రతికి ఏ స్థితియో ఎన్నుకొనుట. ఇది తేలిక, కాని ముందుగా నమోదు చేయని స్థితి దొరకదు. మూడవది, ఆకారమును మాతృకకే వదలి, కదలికను మాత్రము ప్రతులకు ఇచ్చుట. ఇందు ప్రతి గేటు స్థితినీ కంప్యూటరు విడివిడిగా గణింపవలెను. ప్రతులు పెరిగినకొలది పని మందగించును.

అందుచే అనుభవజ్ఞులు పరీక్షింపవలసిన కొద్ది ప్రతులకే స్వేచ్ఛనిచ్చి, తక్కినవానిని నమోదైన స్థితులలో ఉంచుదురు. ప్రతులలో దేనిని ఉమ్మడిగా ఉంచవలెను, దేనిని విడిగా ఉంచవలెను అను ప్రశ్న సదర్లాండ్ నాటిది. నేటికిని ప్రతి యంత్రచిత్రకారుడు ముందుగా తేల్చుకొనవలసినది అదియే.